ఓడినామె వంట

పరుగుకు 71 రోజులు

కిన్నెర పళ్లెం 5,400 క్యాలరీలు. మిగల్చలేదు. దౌడు నలభై కిలోమీటర్లు. బరువు నిన్నటిలాగే ఉంది.

ఈ పుస్తకంలో నేను రాయాల్సింది ఇంతే, రోజుకి ఒక వరస. పేజీలో ముప్పావు వంతు ఖాళీగా మిగిలిపోతుంది. కాగితం వృథా చేస్తే రన్నర్ సాధన, తిండి చూసే గవరయ్య మావకి ఒళ్లు మండుతుంది. కాబట్టి మిగతా చోటు నా ఏడుపుకి వాడుకుంటాను.

నా పేరు మంజీర. పోయిన ఏడు మా లోగుహ తరఫున పరిగెత్తిన రన్నర్ని నేనే. ఈ ఏడు కిన్నెర. మా పిన్ని కూతురు, నాకంటే అయిదేళ్లు చిన్నది. సెలక్షన్ పరుగులో నన్ను పదకొండు సెకన్ల తేడాతో ఓడించింది. మా ఆచారం ప్రకారం సెలక్షన్‌లో రెండో స్థానంలో వచ్చినామె మొదట వచ్చినామెకి ఏడాదంతా వండిపెట్టాలి, ఈ పుస్తకం రాయాలి. రన్నర్ ఆకలి ఇంకో రన్నర్‌కే తెలుస్తుందని పెద్దల ఉద్దేశం. పుండు మీద కారం చల్లడం వాళ్ల ఉద్దేశం కాకపోవచ్చు. జరిగేది మాత్రం అదే.

నా పళ్లెం 2,300. సాధనలో కిన్నెర పక్కన కాస్త పరిగెత్తుతాను కాబట్టి ఆ మాత్రమైనా ఇచ్చారు. మిగతా అందరికీ 1,750.

పరుగుకు 64 రోజులు

పళ్లెం 5,400. మిగల్చలేదు.

అంగారకుడి మీద తెలుగు మాట్లాడే గుహలు మూడు: ఎర్రగుహ, పైగుహ, మాది. మంచుగని మాత్రం ఒక్కటే. ఒకప్పుడు దానికోసం తలలు పగలగొట్టుకున్నారట. ఇప్పుడు ఏడాదికోసారి గుహకి ఒక మనిషి చొప్పున నడుముకి బరువు పట్టీ కట్టుకుని సొరంగంలో అరవై కిలోమీటర్లు పరిగెత్తుతారు. మొదట వచ్చిన గుహకి సగం నీళ్లు, రెండో గుహకి మూడో వంతు, చివరి గుహకి మిగిలింది. పోయిన ఏడు మేము చివర. అంటే నేను చివర. అందుకే మునగ మొక్కలు సగం ఎండిపోయాయి, పిల్లలకి వారానికి ఒక్కటే స్నానం. ఆ సంగతి నాకెవరూ గుర్తు చేయక్కర్లేదు, అయినా చేస్తూనే ఉంటారు.

ఒక మనిషికి అన్ని క్యాలరీలు ఎక్కణ్ణుంచి వస్తాయి? అందరి పళ్లేల్లోంచి. పొద్దున అన్నం ముందు కూర్చున్న ప్రతివాళ్లూ తమ తొలిముద్ద తీసి రన్నర్ గిన్నెలో వేస్తారు. గిన్నె పట్టుకుని తిరిగేది నేను. గిన్నె కింద తూకం యంత్రం ఉంటుంది, ముద్ద పడగానే క్యాలరీల అంకె చూపిస్తుంది. పదిహేడు పడితే ఫర్వాలేదు. ఇరవై దాటితే పక్కవాళ్లు మెచ్చుకోలుగా చూస్తారు. అందుకని ముద్దని ట్యాంకు నూనెలో ముంచి, ట్యాంకు పాకం పూసి మరీ వేస్తారు. అవి ట్యాంకుల్లో యంత్రాలు చేసేవి, ఆ రెండింటికీ మాకు కొదవ లేదు.

ఇవాళ శబరి అనే కొత్త కోడలు మునగాకు పొరటు వేసింది. అంకె మూడు. గవరయ్య మావ అక్కడే ఉన్నాడు.

"ఆకులెయ్యడానికి నీకు సిగ్గుండాల. పిల్ల పరిగెట్టాలా, మేకల్లే మేత మెయ్యాలా?" అన్నాడు.

ఇక్కడ మేకని చూసినవాళ్లు ఎవరూ లేరు. శబరి మాత్రం ఏడ్చింది.

మా అమ్మ వేసిన ముద్దకి ముప్పై ఒకటి పడింది. నవ్వుతూ వేసింది. "పాపం, కిన్నెర సిక్కిపోనాదే" అంది నాతో. నాకు తీసిన ముద్ద ఇంత ఉండేదా అని పాత పుస్తకం తిరగేశాను. ఎవరి ముద్ద ఎంతో అందులో రాయరు. అమ్మ బతికిపోయింది.

పరుగుకు 58 రోజులు

పళ్లెం 5,400. మిగల్చలేదు.

వారంగా బియ్యం డబ్బా తరుగుతోంది. ఇవాళ సామాన్ల గదిలో తలుపు వెనక కిన్నెర దొరికింది. దవడలు ఆడుతున్నాయి.

"ఏటే, ఏటి నముల్తన్నావు?"

"ఏటీ లేదక్కా."

"నోరు తెరువు."

తెరిచింది. నోటినిండా పచ్చి బియ్యం. అయిదువేల నాలుగు వందలు మింగి మళ్లీ దొంగతనం. నాకు పట్టరాని సంతోషం వేసింది. గుహంతా ముద్దు చేసే పిల్ల, పిల్లలు కాళ్లు తాకి కళ్లకద్దుకునే పిల్ల, గవరయ్య మావ రోజూ పిక్కలు నొక్కి చూసి మురిసిపోయే పిల్ల, ఇలా డబ్బాలో చెయ్యి పెట్టి పట్టుబడింది.

"ఎవులికీ సెప్పకక్కా. ఆకలి కాదు. పళ్లు లాగుతన్నాయి. నమిలితేగానీ ఉండలేకపోతన్నాను."

చెప్పనన్నాను. చెబితే ఆ క్షణంతో అయిపోతుంది. దగ్గర ఉంచుకుంటే ఎప్పుడైనా పనికొస్తుంది. అంత మంచిదాన్ని నేను.

పోయిన ఏడు నేనూ నమిలాను. అప్పుడు గుప్పెడు గుప్పెడు తెచ్చి ఇచ్చింది ఈ కిన్నెరే. అప్పట్లో వంట తనది.

పరుగుకు 52 రోజులు

పళ్లెం 5,400. దౌడు నలభై. నిరుటి నా టైముకి తొమ్మిది నిమిషాలు ఎక్కువ.

ఆ చివరి మాట ఎంత హాయిగా రాశానో చెప్పలేను. తప్పు చేస్తున్నానని తెలిసి కూడా ఒకసారి చదువుకున్నాను.

చివరి పది కిలోమీటర్లు తనకి తోడుగా నేను పరిగెత్తాను. తను రొప్పుతోంది, పెదాలు తెల్లబడ్డాయి. నేను మాట్లాడుతూ పరిగెత్తాను. కావాలనే మాట్లాడాను. ఉలవచారు ఎలా కాచానో, ఎంత పోపు వేశానో మొత్తం చెప్పాను. జవాబు ఇవ్వడానికి తన దగ్గర ఊపిరి లేదు.

గవరయ్య మావ టైము చూసి ముఖం మాడ్చుకున్నాడు. ఆయన దగ్గర ఏ జబ్బుకైనా ఒకటే మందు. "అంకె పెంచండి" అన్నాడు. రేపటి నుంచి 6,200. తొలిముద్ద మీద ఇంకో నాలుగు చుక్కల నూనె. నా ముద్ద కూడా. నేను ఓడినందుకు నా నోటి దగ్గరిదే తీసి తనకి పెట్టాలి.

పరుగుకు 47 రోజులు

పళ్లెం 6,200. మిగల్చలేదు. తర్వాత కక్కింది. ఆ సంగతి పైవరసలో రాయలేదు.

తల దువ్వుకుంటుంటే దువ్వెనకి కుచ్చు కుచ్చులుగా జుట్టు వచ్చింది. ఉండ చుట్టి జేబులో పెట్టుకుంది. నెలసరి ఎప్పుడొచ్చిందే అని ఊరికే అడిగాను.

"నాలుగు నెల్లయ్యిందక్కా. మంచిదేగా, ఉతుక్కునే నీల్లు మిగుల్తన్నాయి" అంది, గర్వంగా.

నేనూ పోయిన ఏడు సరిగ్గా అలాగే గర్వపడ్డాను. నాకు మళ్లీ వచ్చింది వంటలో చేరిన రెండో నెలలో. అప్పుడే బియ్యం యావ పోయింది. జుట్టు నిలబడింది. ఎడమకాలి నొప్పి ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. వీటన్నిటినీ ఒకచోట పెట్టి చూడడం ఇదే మొదలు.

ఏం మారింది నాలో? ఏడుపు మారలేదు, పెరిగింది. పళ్లెం ఒకటే మారింది. మామూలు పళ్లెంలో రోజూ ఇంత ఆకు, ఉలవలు, వారానికి మూడు గుడ్లు ఉంటాయి. భూమి నుంచి వచ్చినప్పుడు తెచ్చిన పాత పట్టిక ప్రకారం అవి అందరికీ తప్పనిసరి. రన్నర్ పళ్లేనికి పట్టిక లేదు, అంకె ఒకటే. ఆకుకి అంకె పడదు. అందుకని ఆకు వేయడం అవమానం. నూనె, పాకం, అన్నం. కడుపు నిండా పెట్టి మనిషిని ఎండగడుతున్నాం.

మెడికల్ గదికి వెళ్లి కూర్మయ్య బాబాయిని అడిగాను. యంత్రాలు చూసేది ఆయన. నా రక్తం పరీక్ష చేసి, నిరుడు పరుగయ్యాక తీసిన దాని పక్కన పెట్టాడు. "అప్పుడు నీల్లల్లే ఉంది. ఇప్పుడు బాగుంది" అన్నాడు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నాను. "నన్నెవులడిగినారమ్మా? ఆలకి అంకె కావాల" అన్నాడు.

వచ్చాక పాత పుస్తకాలన్నీ తీశాను. ఆరేళ్లలో ఎవరూ వరసగా రెండుసార్లు రన్నర్ కాలేదు. ప్రతి ఏడూ రన్నర్ సెలక్షన్‌లో ఓడిపోతుంది, వంటామె గెలుస్తుంది. లోగుహలో ఏటేటా కొత్త రన్నర్ పుడుతుందని మేం గొప్పలు చెప్పుకునేది దీని గురించే. ఏడాదంతా నూనె తాగి ఎండిపోయిన మనిషి, ఏడాదంతా మామూలు తిండి తిన్న మనిషితో పరిగెత్తితే ఏమవుతుంది?

అంటే ఆ పదకొండు సెకన్లు కిన్నెరవి కావు. ఈ మాట రాసేటప్పుడు నా చేతిరాత ఎంత అందంగా వచ్చిందో.

పరుగుకు 43 రోజులు

పళ్లెం 6,200. దౌడు ముప్పై రెండు, ఆగిపోయింది.

ఎడమకాలు చూపించింది. ముందు ఎముక మీద, మడమకి జానెడు పైన. వేలితో నొక్కాను. ఒక్క చోట, వేలి కొస పట్టేంత చోట, ఎగిరిపడింది. నాకు ఆ చోటు తెలుసు. నిరుడు నాకు నొప్పి మొదలైన మూడు వారాలకి సొరంగంలో ప్రతి అడుగుకీ పళ్లు కొరుక్కున్నాను. ఇక్కడ మన బరువు తక్కువ, ఎముకలు ముందే మెత్తన. ఇంకా పరిగెత్తితే విరుగుతుంది.

విరిగితే రన్నర్ని నేను.

"ఏటయ్యుంటదక్కా?"

"ఏటీ కాదు. పట్టేసినాది. నూనె రాస్తాను, పడుకో."

నూనె రాశాను. రాస్తున్నంతసేపూ విరగాలనే అనుకున్నాను. ఇది నా పుస్తకం, ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ నిజం రాయాలి? విరగాలి, నా పళ్లెం నాకు రావాలి, నేను గెలవాలి, అమ్మ ముప్పై ఒకటి ముద్ద నాకు పెట్టాలి. నా పళ్లెంలో ఏం వేసుకోవాలో నాకిప్పుడు తెలుసు కూడా. అన్నీ కుదిరాయి. నేను చేయాల్సిందల్లా నోరు మూసుకోవడమే.

పరుగుకు 40 రోజులు

పళ్లెం 6,200. మిగిల్చింది.

మూడు రోజులుగా నోరు మూసుకునే ఉన్నాను. గవరయ్య మావ నా దగ్గరికొచ్చి "మంజీరా, నువ్వు సిద్దంగుండమ్మా" అన్నాడు. ఆరు నెలల తర్వాత నా పేరు చివర అమ్మా అని వినబడింది. నా పిక్కల వైపు కూడా చూశాడు.

సాయంత్రం కిన్నెర కాలు ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను. తను గోడవైపు చూస్తూ అంది:

"అక్కా, ఒకటి సెప్తాను. కోప్పడకు."

"సెప్పు."

"నిరుడు నువ్వు కుంటడం సూసినాను. అందరికంటే ముందల నానే సూసినాను. నీకు కాలు రాసేదాన్ని గదా, ఇదే సోటు. ఎవులికీ సెప్పలేదు."

నూనె గిన్నె పక్కన పెట్టాను.

"ఎందుకు సెప్పలేదే?"

"అది ఇరిగితే బాగుణ్ణనుకున్నాను. నీ సోటు నాకొస్తాదని. రోజూ నీ పల్లెం సూసి కల్లల్లో నిప్పులు పోసుకునేదాన్ని. నువ్వు ఆఖర్న వొచ్చినావు, నీల్లు పోనాయి. అది నా వొల్లే అనిపిస్తాది. ఇప్పుడు నా కాలికొచ్చినాది గదా, అందుకు సెప్తన్నాను."

తిట్టడానికి నోరు తెరిచాను. దాన్ని ఏమని తిట్టినా అది నాకే తగులుతుంది. కోపం మాత్రం నిజం. నిరుడు నేను నిండు ఆరోగ్యంతో పరిగెత్తి ఉంటే ఏమయ్యేదో నాకెప్పటికీ తెలీదు. తను నోరు మూసుకుని నా పరుగు దొంగిలించింది. ఇప్పుడు నేను తనది దొంగిలిస్తున్నాను. అప్పుడు తట్టింది: మేమిద్దరం ఇంతవరకూ ఒకేసారి బాగుండి ఒక్కసారి కూడా పోటీ పడలేదు. నేను గెలిచిన ఏడు తను జ్వరం నుంచి లేచి పరిగెత్తింది, ఈ ఏడు నేను ఎండిపోయి పరిగెత్తాను. ఎవరు వేగమో గుహలో ఎవరికీ తెలీదు. మాక్కూడా తెలీదు.

ఆ పదకొండు సెకన్లు దానివి కాకపోతే, ఇప్పుడు నాకు దక్కబోయే పళ్లెం కూడా నాది కాదు. ఇది నాకు అస్సలు నచ్చలేదు. కానీ నిజం.

పరుగుకు 39 రోజులు

పొద్దున గిన్నె పట్టుకుని తిరగలేదు. అందరి మధ్యలో కింద పెట్టి మొత్తం చెప్పాను. బియ్యం, జుట్టు, నెలసరి, కాలు, ఆరేళ్ల పుస్తకాలు. నాలుగు రోజులు దాచానని కూడా. అమ్మ తల దించుకుంది.

"ఆకులు లేక కాలిరుగుద్దా? ఆరువేలు పెడితే కూడా?" అన్నాడు గవరయ్య మావ.

"కూర్మయ్య బాబాయిని అడగండి. ఆయన్ని ఎవులూ అడగరు గదా" అన్నాను.

అడిగారు. కిన్నెర కాలికి ఫొటో తీశారు. ఎముకలో వెంట్రుక మందాన పగులు. కూర్మయ్య బాబాయి దాన్ని అందరికీ చూపించాడు. మూడు నెలలు పరుగు వద్దన్నాడు. కిన్నెర ఏడవలేదు, గిన్నె వైపు చూస్తూ కూర్చుంది. ఎండిపోయినా సరే ఆ గిన్నె తనది కాకుండా పోతుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

గవరయ్య మావ గిన్నె తీసి నా ముందు పెట్టాడు. నేను ముట్టుకోలేదు. రెండు షరతులు పెట్టాను. మొదటిది: అంకె అయిదువేలు ఉండాల్సిందే, అరవై కిలోమీటర్లు గాలి తిని పరిగెత్తలేను. కానీ నూనె ముద్దతో పాటు ప్రతివాళ్లూ తమ పళ్లెంలోంచి రెండు ఆకులు, నాలుగు ఉలవ గింజలు వేయాలి. మీరు బతికేది దేనితోనో అదే నాకూ పెట్టండి అన్నాను. రెండోది: వచ్చే సెలక్షన్ కిన్నెర ఎముక అతికాకే. అప్పటిదాకా ఇద్దరికీ ఒకటే తిండి, తను మంచం మీదున్నన్నాళ్లు అంకె మాత్రం తక్కువ.

"దానికి మంచి తిండెట్టి మల్లీ నీ మీదకి తోలమంటావేటి? నీకేటి లాభం?" అన్నాడు మావ.

"ఎవులు వేగమో తేలాలి" అన్నాను.

మంచితనం అనుకుని ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. కాదని చెప్పే ఓపిక లేకపోయింది. కిన్నెరకి మాత్రం అర్థమైంది. నా వైపు చూసిన చూపులో కృతజ్ఞత ఏమీ లేదు, కొలుస్తున్నట్టు చూసింది.

పరుగుకు 30 రోజులు

ఇద్దరి పళ్లేలూ నేనే రాస్తున్నాను. నాది 5,000. కిన్నెరది 2,600, మూడు గుడ్లు.

ఆకుల మీద గొణుగుడు ఉంది. నీళ్లు తక్కువ, ఆకు తక్కువ, చంటిపిల్లల తల్లులకే చాలడం లేదు. నూనె ఇమ్మంటే చెంబెడు ఇస్తారు, రెండు ఆకులు ఇవ్వాలంటే చెయ్యి రాదు. ఎన్నడూ లేనిది ఇవాళ గవరయ్య మావ ముద్ద నిండా మునగాకు కనిపించింది. అంకె ఆరు పడింది. ఎవరూ చూడకముందే పక్కకి జరిగిపోయాడు.

కిన్నెర మంచం మీద కూర్చుని ఉలవలు ఏరుతుంది. నేను దౌడు నుంచి రాగానే టైము అడుగుతుంది. చెబుతాను. ముఖం కందిపోతుంది. ఆ ముఖం చూడాలని ఇంకా తొందరగా పరిగెత్తి వస్తున్నాను.

పరుగు అయింది

రెండో స్థానంలో వచ్చాను. ఎర్రగుహ మనిషి నాకంటే నాలుగు నిమిషాలు ముందు. మాకు మూడో వంతు నీళ్లు. పిల్లలు వారానికి రెండు స్నానాలు చేస్తారు, మునగ మళ్లు మళ్లీ తడుపుతారు. కాళ్లలో నొప్పి లేదు. అమ్మ కౌగిలించుకుంది. మావ పిక్కలు నొక్కి చూశాడు. గెలుపు తప్ప కోరుకున్నవన్నీ దక్కాయి, సాయంత్రానికే కిన్నెర కాలు ఎంతవరకు అతికిందో అని ఆలోచించడం మొదలుపెట్టాను.

పరుగు తర్వాత 160వ రోజు, సెలక్షన్

ఇద్దరిదీ ఒకే పళ్లెం, నూట అరవై రోజులుగా. ఒకే గిన్నె, ఒకే ఆకులు, ఒకే గుడ్లు. కూర్మయ్య బాబాయి నిన్న ఇద్దరి రక్తం చూసి రెండూ బాగున్నాయన్నాడు. ఎముకల ఫొటోలు తీశాడు, ఎక్కడా గీత లేదు. ఇద్దరికీ నెలసరి వేళకి వస్తోంది. బియ్యం డబ్బా తరగడం లేదు.

సొరంగంలో నలభై కిలోమీటర్ల దాకా పక్కపక్కనే ఉన్నాం. తర్వాత కిన్నెర నన్ను దాటింది. దాటేటప్పుడు నా వైపు చూడలేదు. నేను చేతనైనంతా పరిగెత్తాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ పరిగెత్తలేదు, టైము చూస్తే నాకే తెలిసింది.

రెండు నిమిషాల పది సెకన్ల తేడా.

పదకొండు సెకన్లయితే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. పళ్లెం అనేదాన్ని, ఎముక అనేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి ఏమీ మిగల్చుకోలేదు, అన్నీ నా చేతులతోనే సరిచేశాను. కిన్నెర నాకంటే వేగం. నిరుడు కూడా అయి ఉంటుంది.

కిన్నెర వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత "అక్కా, రేపట్నుంచి నీకు బదులు ఎవుల్నైనా పెట్టమంటాను. నువ్వు వొండక్కర్లేదు" అంది.

"ఎవుల్ని పెడతావు? ఆల్లు నీకు ఆకు మానేసి నూనె పోస్తారు" అన్నాను.

గది చేరాక తలుపేసుకుని ఏడ్చాను, కడుపు మండి, గట్టిగా. ఇప్పుడు మునగాకు దూస్తున్నాను. రేపు పొద్దున తన పళ్లెం 5,000. నేను చూసినంత జాగ్రత్తగా దాన్ని ఇంకెవరూ చూడరు.